కాకిచెరకు – మనం గట్టు మీద తగలబెట్టే రెల్లు, మన కార్శి తోటకి తండ్రి

భాద్రపదం దాటి ఆశ్వయుజం వచ్చేసరికి గోదావరి లంకలన్నీ తెల్లబడిపోతాయి. రెల్లు పూసిందన్నమాట. రెల్లు పూస్తే వానలు వెనకబట్టినట్టే అని పెద్దవాళ్ళు అనేవారు. బెంగాలీలకి ఇదే కాశపువ్వు, అది కనబడితే దుర్గాపూజ వచ్చేసినట్టే లెక్క. మన కథల్లో కుమారస్వామి పుట్టింది రెల్లుపొదల్లోనే. ఇప్పుడు కుర్రాళ్ళు దాని మధ్య నిలబడి ఫొటోలు దిగుతున్నారు. రైతు దగ్గరికొచ్చేసరికి మాత్రం దానికి ఒకటే పేరు, కలుపు.

ఈ పోస్టు ఆ కలుపు చరిత్ర. కాస్త పొడుగ్గానే ఉంటుంది, పొలం నుంచి వచ్చాక తీరుబడిగా చదవండి. చెరకు వేసేవాళ్ళు తప్పకుండా చదవండి. వేయనివాళ్ళు కూడా చదవొచ్చు, టీలో పంచదార వేసుకుంటారు కదా.

ముందు ఏది రెల్లో తేల్చుకుందాం. ఏటి ఒడ్డున పొడుగ్గా ఏ గడ్డి కనబడినా రెల్లు అనేస్తాం. నీళ్ళలో నిలబడి, గోధుమరంగులో మొద్దు కంకి వేసేది జమ్ము, అది వేరే జాతి. రెల్లు ఇసుకలో, గట్టు మీద, బీట్లో దుబ్బు కడుతుంది. ఆకు సన్నం, అంచు చెయ్యి కోస్తుంది, మధ్య ఈనె తెల్లగా ఉంటుంది. కాడ పెన్సిలంత లావు. కంకి వెండి పట్టులా మెరుస్తుంది. ఒక్కో గింజకీ చుట్టూ దూది లాంటి నూగు, గాలి వీస్తే ఏ ఊరి పొలంలో దిగుతుందో చెప్పలేం. పైన కనబడేది సగమే. భూమి లోపల కణుపులతో పాకే కాండం ఉంటుంది. ఒక్కో కణుపూ ఒక మొక్క. అందుకే కోసినా వస్తుంది, కాల్చినా వస్తుంది, వరద మీదుగా పోయినా, ఎండలు మండినా మళ్ళీ తేరుకుంటుంది.

దీని శాస్త్రీయ నామం సకారం స్పాంటేనియం. బెల్లం చెరకుది సకారం అఫిసినారం. మొక్కలకీ మన తెలుగువాళ్ళ లాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక పెడతారు. అంటే రెండూ ఒకే ఇంటివి. మన పాతవాళ్ళకి ఈ సంగతి ఎవరూ పుస్తకం చూసి చెప్పలేదు, అయినా రెల్లుకి కాకిచెరకు అనే పేరు ఉంది. మనిషి తినేదానికి అడవి చుట్టం ఉంటే దానికి ముందు కాకి తగిలించడం మన అలవాటు, కాకిదొండ చూడండి. ఆయుర్వేదంలో తృణపంచమూలం అని అయిదు గడ్డి వేర్ల మందు ఉంది, మూత్ర సంబంధమైన జబ్బులకి వాడతారు. అయిదింటి పేర్లు గ్రంథాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ మారతాయి గానీ కాశ, ఇక్షు రెండూ అందులో ఉంటాయి. కాశ అంటే రెల్లు, ఇక్షు అంటే చెరకు.

ఇంక అసలు కథ. ఈ గడ్డికి ఇరవయ్యో శతాబ్దంలో రెండు చరిత్రలున్నాయి. ఒకదాంట్లో ప్రభుత్వం దీన్ని చంపడానికి విదేశీ అప్పు తెచ్చింది. ఇంకోదాంట్లో ఈ దేశపు చెరకుని నిలబెట్టింది ఇదే. రెండూ నిజమే. పైగా రెండింటికీ కారణం ఒకటే, దాని మొండితనం.

మొదటిది బుందేల్‌ఖండ్‌లో, మధ్యభారతంలో నడిచింది. అక్కడ దీన్ని కాన్స్ అంటారు. నల్లరేగడి భూములు, వాన మీదే సాగు. కరువు వచ్చి ఎడ్లు పోయాయంటే రెండు మూడేళ్ళు దుక్కి సరిగ్గా పడదు. ఆ సందులో కాన్స్ దిగేది. దిగాక నాగలికి లొంగదు, కర్రు లోపలి కాండాల దాకా పోదు. ఊళ్ళకి ఊళ్ళు పొలాలు వదిలేసి పోయిన సంగతి ఇంగ్లీషువాళ్ళ రెవెన్యూ రికార్డుల్లో కనబడుతుంది. పంట లేకపోయినా శిస్తు కట్టమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? కాన్స్ పట్టిన భూమికి శిస్తు తగ్గించాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో తిండిగింజల కొరత. కొత్త భూమి కావాలి. 1947లో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం ఇక్కడ వదిలేసిపోయిన ట్రాక్టర్లతో మొదలుపెట్టారు. అవి చాలక 1949లో ప్రపంచబ్యాంకు దగ్గర కోటి డాలర్ల అప్పు తీసుకున్నారు, పెద్ద ట్రాక్టర్లు కొనడానికి. ప్రపంచబ్యాంకు మన దేశానికిచ్చిన మొట్టమొదటి అప్పు రైల్వేలకి, రెండోది దీనికి. ఒక గడ్డిని దున్నడానికి అంతర్జాతీయ అప్పు చేసిన దేశం మనది, నవ్వాలో ఏడవాలో తెలీదు. పని మాత్రం జరిగింది. ఎండాకాలంలో లోతు దుక్కి చేసి, కాండాల్ని పైకి తిరగేసి ఎండకి వదిలేశారు. లక్షల ఎకరాలు సాగులోకి వచ్చాయి.

రెండో చరిత్రకి మొదలు మన గోదావరి జిల్లాలోనే ఉంది.

1890ల చివర్లో గోదావరి డెల్టా చెరకు తోటల్లో ఎర్రకుళ్ళు పడింది. గడ చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్ల మచ్చలు, పులిసిన వాసన. చెరకు వేసినవాడికి ఈ వాసన గురించి చెప్పక్కర్లేదు. మద్రాసు ప్రభుత్వంలో వృక్షశాస్త్రజ్ఞుడుగా ఉన్న సి.ఎ. బార్బర్ దాన్ని చూసి రాశాడు. 1902లో సామర్లకోటలో చెరకు ప్రయోగ క్షేత్రం పెట్టారు. పనేమిటంటే తెగులుకి తట్టుకునే రకం వెతకడం. దొరికిన రకాలన్నీ తెచ్చి వేశారు, మారిషస్ నుంచి కూడా తెప్పించారు. కానీ ఉన్న రకాల్లోంచి ఏరుకోవడం వేరు, లేని రకాన్ని పుట్టించడం వేరు. చెరకుని మనిషి వేల ఏళ్ళుగా ముచ్చెలతోనే పెంచాడు. ముచ్చె నుంచి వచ్చేది తల్లి నకలే. తల్లికి తెగులొస్తే పిల్లకీ వస్తుంది. చెరకుకి మొలిచే విత్తనం ఉందని తోట పెంచేవాళ్ళు నమ్మింది కూడా 1880ల చివర్లోనే. జావాలో, బార్బడోస్‌లో మొలిపించి చూపించాక గానీ నమ్మలేదు.

అప్పటికి మన దేశం చెరకు విస్తీర్ణంలో పెద్దది. అయినా పంచదార జావా నుంచి ఓడల్లో దిగేది. ఉత్తరాదిన పంజాబు, యూపీ, బీహార్లలో వేసేది చూపుడువేలంత సన్న చెరకు. లావు చెరకు అక్కడి చలికి, మంచుకి బతకదు. సన్న చెరకు బతుకుతుంది కానీ రసం రాదు. దీనికి మార్గం చూడమని 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టి బార్బర్‌నే అధిపతిగా వేశారు. పంజాబు సమస్యకి తమిళదేశంలో కేంద్రం ఎందుకంటే, చెరకు అక్కడ పూస్తుంది. పూత లేకపోతే సంకరం లేదు. బార్బర్‌కి సహాయకుడు టి.ఎస్. వెంకట్రామన్. 1919 నుంచి ఆయనే నడిపించాడు, తర్వాత సర్ బిరుదు కూడా వచ్చింది.

వాళ్ళు చేసింది వింటే మన ఊళ్ళో పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఒప్పుకోడు. వెల్లై అనే మంచి లావు, తీపి, మెత్తటి చెరకు ఉంది. దాని పుప్పొడి పనిచేయదు, కాబట్టి తల్లిగా బాగా కుదురుతుంది. ఆ తల్లికి కోయంబత్తూరు దగ్గర అడవిగా పెరిగే రెల్లు పుప్పొడి వేశారు. తీపి ఊరని గడ్డిని తెచ్చి పంచదార పంటకి తండ్రిని చేయడమేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్ళకి కావాల్సింది తీపి కాదు. తీపి తల్లి దగ్గర ఉంది. కావాల్సింది చలికి, ఎద్దడికి, తెగులుకి చావని ఒళ్ళు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మామూలుగా బిడ్డకి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం క్రోమోజోములు వస్తాయి. లావు చెరకుని రెల్లుతో కలిపితే తల్లి తనవన్నీ ఇచ్చేస్తుంది, తండ్రి సగమే ఇస్తాడు. వెల్లైకి 80, కోయంబత్తూరు రెల్లుకి 64. బిడ్డకి 80కి 32 కలిపి 112. అందుకే మొదటి తరంలోనే చెరకు గుణం పూర్తిగా చచ్చిపోలేదు. ఆ బిడ్డే కో 205. కో అంటే కోయంబత్తూరు. 1918లో పంజాబుకి ఇచ్చారు. అక్కడి పాత కాథా రకం కంటే దిగుబడి సగానికి సగం ఎక్కువ వచ్చింది. అడవి గడ్డికి నేరుగా పుట్టిన చెరకు రైతు పొలంలోకి పంటగా రావడం అదే మొదలు. తర్వాత ఇలాంటి బిడ్డల్ని మళ్ళీ మళ్ళీ మంచి చెరకులతో కలుపుతూ పోయారు. రెల్లు మొండితనం ఉంచుకుని, పీచు తగ్గించి, తీపి పెంచడం అన్నమాట.

జావాలో డచ్చివాళ్ళూ ఇదే దారిలో ఉన్నారు. 1880ల్లో వాళ్ళ తోటల్ని సెరే అనే తెగులు పాడుచేసింది. కొండ వాలులో కసూర్ అనే గట్టి మొక్క దొరికింది. అది చెరకుకీ రెల్లుకీ దానంతటదే పుట్టిన సంకరం. దాన్ని చెరకుతో పదేపదే కలిపి 1921లో పి.ఓ.జె. 2878 తీశారు. పదేళ్ళు తిరక్కుండా జావా తోటలన్నీ దాదాపు అదే. మనం వేసిన కో 419కి తల్లి ఈ జావా చెరకు, తండ్రి కోయంబత్తూరులో పుట్టిన కో 290. మన వైపు పాతవాళ్ళు కో 419 పేరు ఇప్పటికీ చెబుతారు. 1930ల నుంచి దక్షిణాదిన చాలాకాలం దాన్ని మించింది లేదు.

ఆ రోజుల్లోనే 1932లో పంచదార పరిశ్రమకి రక్షణ చట్టం వచ్చింది, దిగుమతి మీద సుంకం వేశారు. 30 దరిదాపుల్లో ఉన్న ఫ్యాక్టరీలు నాలుగైదేళ్ళలో 130 దాటాయి. మన వైపు ఏటికొప్పాకలో సహకార ఫ్యాక్టరీ 1933లో, బోధన్‌లో నిజాం షుగర్స్ 1937లో మొదలయ్యాయి. చరిత్ర పుస్తకాలు ఈ ఘనతంతా సుంకానికి ఇస్తాయి. నాకది సగమే నిజం అనిపిస్తుంది. సుంకం వేస్తే ఫ్యాక్టరీ పెడతారు, ఆ ఫ్యాక్టరీకి గడ ఎక్కడి నుంచి వస్తుంది? కో రకాలు లేకపోతే ఆ పొగగొట్టాల్లో పొగ లేచేది కాదు. హరిత విప్లవం అనగానే 1960లు, గోధుమ, వరి చెబుతాం. దానికి నలభై ఏళ్ళ ముందు ఒక గడ్డి దుబ్బుతో చెరకులో అది జరిగిపోయింది.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఇ.కె. జానకి అమ్మాళ్, కేరళ తలశ్శేరి ఆవిడ. 1934లో కోయంబత్తూరు కేంద్రంలో చేరి రెల్లు క్రోమోజోముల మీద పనిచేశారు. చెరకుని మొక్కజొన్నతో కూడా కలిపి చూశారు. ఆడమనిషి, కులం రీత్యా వెనకబడిన కుటుంబం, అక్కడ ఆవిడకి గౌరవం దక్కలేదు. 1939లో ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడ డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కలన్నిటి క్రోమోజోముల పుస్తకం 1945లో తెచ్చారు. తర్వాత నెహ్రూ పిలిస్తే తిరిగొచ్చారు.

రెల్లు అంతా ఒకటి కాదని ఈ క్రోమోజోముల లెక్క బయటపెట్టింది. ఒక చోటిదానికి 40 ఉంటే ఇంకో చోటిదానికి 128. ఒకటి మోకాలెత్తు, ఇంకోటి ఇరవై అడుగులు. ఒకటి హిమాలయాల చలికి తట్టుకుంటుంది, ఒకటి సముద్రపు ఉప్పుకి. అందుకే 1948 నుంచి ప్రత్యేకంగా రెల్లు సేకరణ యాత్రలు మొదలుపెట్టి దేశమంతా తిరిగి దుబ్బులు తవ్వి తెచ్చారు. వెనకటి రోజుల్లో రాజులు వజ్రాల కోసం తిరిగినట్టు వీళ్ళు గడ్డి కోసం తిరిగారు. ఇప్పుడు ప్రపంచంలో చెరకు జాతుల పెద్ద భాండాగారాలు రెండు. ఒకటి అమెరికాలో, రెండోది మన కేరళ కన్నూరులో, కోయంబత్తూరు సంస్థదే.

సరే, ఇదంతా మనకెందుకు అంటారా? మీ కార్శి తోట చూసుకోండి. మొక్క తోట కొట్టేశాక మోడు నుంచి పిలకలు లేచి రెండో పంట, మూడో పంట ఇస్తుందే, ఆ గుణాన్ని గట్టిపరిచింది రెల్లు రక్తం. కొడితే మళ్ళీ లేవడం దాని జాతి లక్షణం. ముచ్చెల ఖర్చు, నాటు కూలి మిగిలేది అక్కడే. లావు, మెత్తటి పాత చెరకులు కార్శికి అంతగా నిలిచేవి కావు. పిలకలు ఎక్కువ వేయడం, ఎద్దడికి ఆగడం, నీళ్ళు నిలిచినా కొన్నాళ్ళు తట్టుకోవడం కూడా అటు నుంచి వచ్చినవే. ఈ రోజు పొలంలో ఉన్న ఏ రకం తీసుకున్నా, అనకాపల్లి కేంద్రం వాళ్ళ 87ఎ298 అయినా సరే, మొత్తం క్రోమోజోముల్లో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా రెల్లువి ఉంటాయి. అనకాపల్లి బెల్లం తింటూ రెల్లుతో మాకేం పని అంటే కుదరదు.

కానీ ఎర్రకుళ్ళుతో యుద్ధం అయిపోలేదు. అది కూడా కొత్త వేషం కట్టి వస్తుంది. 1938-39లో యూపీ, బీహార్లలో కో 213ని ముంచింది. ఇప్పుడు మన కళ్ళ ముందు కో 0238 చూడండి. 2009లో విడుదలైంది, పదేళ్ళు గడిచేసరికి ఉత్తరప్రదేశ్‌లో ఎక్కడ చూసినా అదే రకం. రైతుకి దిగుబడి, ఫ్యాక్టరీకి రికవరీ రెండూ ఇచ్చింది. అంత విస్తీర్ణంలో ఒక్కటే రకం ఉంటే తెగులుకి అంతకన్నా ఏం కావాలి? ఎర్రకుళ్ళు పట్టుకుంది, ఇప్పుడు అక్కడి రైతులు రకం మార్చుకునే పనిలో ఉన్నారు. బ్రీడర్ మళ్ళీ వెళ్ళేది రెల్లు దగ్గరికే. కో 205 నుంచీ మొదట్లో వాడుకున్న రెల్లు దుబ్బులు వేళ్ళ మీద లెక్కపెట్టే అన్ని. మిగతావన్నీ ఏ ఏటి ఒడ్డునో ఉన్నాయి.

ఉన్నాయా అన్నది ఇంకో ప్రశ్న. ఏరు కొత్తగా ఇసుక మేట వేస్తే దాని మీద మొదట దిగేది రెల్లే. ఇసుకని వేళ్ళతో పట్టి ఉంచుతుంది, వరదకి వచ్చే ఒండ్రుని ఆపుతుంది. కొన్నేళ్ళకి మేట లంక అవుతుంది. ఆ ఒండ్రు మీదే మనవాళ్ళు లంక పొగాకు, కూరగాయలు పండించారు. ఇప్పుడు మేట పడిందంటే రెల్లు కంటే ముందు పొక్లెయిన్ దిగుతోంది. ఇసుకతో పాటు దుబ్బులూ లారీ ఎక్కుతున్నాయి. లంక ఒడ్డు కోసుకుపోతోందని గోల పెట్టే మనమే, ఒడ్డున రెల్లు కనబడితే అగ్గిపుల్ల గీస్తాం.

కాల్చడం గురించి ఒక మాట. కాలిస్తే రెల్లు చావదు. పైది బూడిదవుతుంది, లోపలి కాండాలకి ఏమీ కాదు, నెల తిరక్కుండా లేత పిలకలు వస్తాయి. చేలో పడినదాన్ని తీయాలంటే బుందేల్‌ఖండ్ దారి ఒక్కటే. ఎండాకాలంలో పెద్ద నాగలితో లోతు దుక్కి, పైకొచ్చిన కాండాలు ఏరి గట్టెక్కించడం, రెండేళ్ళు వరసగా. రోటోవేటర్ మాత్రం తిప్పకండి. ముక్కలు చేసి చేనంతా నాటినట్టే అవుతుంది. దుక్కి అయ్యాక జనుమో పిల్లిపెసరో ఒత్తుగా చల్లితే నీడకి కొంత లొంగుతుంది. రెల్లు ఎండని కోరుకునే గడ్డి.

అలాగని పనిగట్టుకుని రెల్లు పెంచమని ఎవరికీ చెప్పను. పనామా కాలువ చుట్టుపక్కల ఇది దిగి అడవిని లేవనివ్వకుండా ఆక్రమించింది. అమెరికావాళ్ళు ప్రమాదకర కలుపుల జాబితాలో పెట్టుకున్నారు. చేలగట్టుకి వట్టివేరు మంచిది, అది దుబ్బు దాటి పాకదు. రెల్లుకి తగిన చోటు ఏటి ఒడ్డు, వాగు కోత, ఇసుక ఎగిరే బీడు. అలాంటి చోట కావాలంటే తొలకరికి దుబ్బు తవ్వి, వేళ్ళతో ఉన్న పిలకలు విడదీసి, రెండు మూడడుగుల ఎడంలో నాటితే చాలు. నీళ్ళు, ఎరువు ఏమీ అడగదు. మొదటి ఏడు పశువులు తొక్కకుండా చూసుకోవాలి.

లేత ఆకు గేదెలు తింటాయి, పూత పడ్డాక ముట్టవు. పాకలు కప్పుకునేవాళ్ళు మాత్రం పూత పూర్తయి కాడ పండాకే కోయాలి, లేతగా కోస్తే కప్పు తొందరగా చివుకుతుంది. కార్తీకం దాటాక కోసి, రెండెండలు ఆరబెట్టి కట్టలు కట్టేవాళ్ళు. కోతకి వెళ్ళేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకోండి, ఆకు అంచు బ్లేడు లెక్క తెగుతుంది.